శేరిలింగంపల్లిలో నీరు ఎన్ని డిగ్రీలకు మరుగును?

నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగునని మనమందరమును బడిలో చదువుకొన్నవారమే. చదివినదానిని పరీక్షలో వ్రాసి, మార్కులు గైకొని, ఆపైన మరల దాని మాట తలపెట్టనివారమే. కాని గచ్చిబౌలి కొండరాళ్లకును లింగంపల్లి రైల్వే స్టేషనుకును నడుమ ఎచ్చటనైనను సరే, స్వచ్ఛమైన నీటిని పాత్రలో పోసి పొయ్యిమీద పెట్టి, తెర్లుచున్న ఆ నీటిపైనుండి లేచు ఆవిరిలో మంచి థర్మామీటరు నొకదానిని నిలిపి చూచినచో, పాదరసము 98 డిగ్రీల దరిని చేరి అచ్చటనే నిలిచిపోవును; గ్యాసుమంట నెంత పెంచినను, ఎంతసేపు కాచుకొని కూర్చుండినను, పాత్రలోని నీరు తరుగునే కాని పాదరసము పైకి కదలదు. ఇందు థర్మామీటరు దోషమేమియు లేదు, పుస్తకము దోషమును లేదు. పుస్తకము సముద్రతీరమున నిలిచి చెప్పిన మాటను, సముద్రమట్టమునకు 550 మీటర్లకు పైబడిన దక్కను పీఠభూమిపై కాపురమున్న మనము, మన యెత్తును తలపక, యథాతథముగ స్వీకరించుచున్నాము.

ఈ రెండు డిగ్రీల వ్యత్యాసమునకు కారణము తెలియవలెనన్నచో నీటికి సహజమైన గుణము నొకదానిని ముందుగా గ్రహింపవలసియున్నది. మూసిన పాత్రలో సగమువరకు నీరు పోసి, మిగిలిన చోటినుండి గాలినంతయు తోడివేసి, పాత్రనంతను ఒకే ఉష్ణోగ్రతయందుంచినచో, నీటి యణువులు కొన్ని ఉపరితలమునుండి విడివడి పైనున్న శూన్యప్రదేశము నాక్రమించును. అట్లు పైకి పోయినవానిలో కొన్ని తిరిగి నీటిలో పడుచుండును. పోవునవియు వచ్చునవియు సమానమైన క్షణమునుండి ఆవిరి యొత్తిడి హెచ్చదు, తగ్గదు. ఆ నిలుకడగల యొత్తిడికే సంతృప్త బాష్పపీడనమని పేరు. పాత్ర చిన్నదైనను పెద్దదైనను, నీరు చెంబెడైనను చెరువెడైనను, ఇది మారదు. ఉష్ణోగ్రత మారినప్పుడు మాత్రము చెప్పరానంతగా మారును. రేడియోలో పటము గీచి చూపుటకు వీలులేదు గనుక, కొన్ని యంకెలను మెల్లగా చదివెదను. కాగితము చేతనున్నవారు వ్రాసికొనవచ్చును. పాదరస స్తంభపు మిల్లీమీటర్లలో చెప్పినచో, సున్న డిగ్రీలవద్ద ఈ పీడనము 4.6, 20 డిగ్రీలవద్ద 17.5; 30 వద్ద 31.8, 40 వద్ద 55.3, 60 వద్ద 149, 80 వద్ద 355, 100 వద్ద 760. 30 డిగ్రీలనుండి 40 డిగ్రీలకు పోవుటలో పరమ ఉష్ణోగ్రత నూటికి మూడుపాళ్లకు కొంచెము మించి పెరిగినదంతే. ఆవిరి యొత్తిడియో, నూటికి 74 పాళ్లు పెరిగినది. ఏలయన నీటి యణువులు పరస్పరాకర్షణచేత గట్టిగా పట్టువడియున్నవి. ఆ పట్టును త్రెంచుకొని బయటపడగల శక్తి వానిలో అత్యల్పసంఖ్యాకములైన కొన్నింటికి మాత్రమే కలదు. సగటు శక్తి ఇసుమంత హెచ్చినను ఆ కొన్నింటి సంఖ్య మిక్కిలి హెచ్చును.

నీరు మరుగుటయన, ఈ పీడనము బయటి గాలి యొత్తిడికి సమానమై, నీటి లోపలనే ఆవిరిబుడగలు పుట్టి నిలువగలుగుట. సముద్రతీరమున గాలి యొత్తిడి 760 మిల్లీమీటర్ల దరినుండును గనుక నీరు 100 డిగ్రీలదాక వేచియుండును. శేరిలింగంపల్లి గడ్డమీద అది సుమారు 709 మిల్లీమీటర్లే గనుక 98 దాటగానే నీటికి విడుదల లభించును. మన వంటయిండ్లలో కందిపప్పు మూతలేని గిన్నెలో ఆలస్యముగ ఉడుకుటలో ఈ రెండు డిగ్రీల పాలును కొంత కలదని, ప్రెషరు కుక్కరు ఆ లోటు తీర్చుచున్నదని వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ పీడనమును ఉష్ణోగ్రతతో ముడివెట్టి కొలిచినవారి చరిత్ర మిక్కిలి రసవంతమైనది. ఆవిరియంత్రమునకు మెరుగులు దిద్దుచు జేమ్స్ వాట్ కొన్ని కొలతలు తీసియుండెను గాని, అవి యంత్రకారుని యవసరమునకు తీసినవి. ప్రకృతి నియమమును వెదకుచు కొలిచినవారిలో ముందుగా పేర్కొనదగినవాడు మాంచెస్టరు నగరమున బాలురకు చదువు చెప్పుకొని బ్రదికిన జాన్ డాల్టను. 1801 ప్రాంతమున ఆయన చేసిన పని ఇది: ఒక గాజుగొట్టమును పాదరసముతో నింపి, పాదరసపు తొట్టెలో తలక్రిందులుగ నిలిపి, పైన ఏర్పడిన శూన్యములోనికి కొద్దిపాటి నీటిని ఎక్కించి, గొట్టము చుట్టును వెచ్చని నీరుగల మరియొక వెడల్పాటి గొట్టమును తొడిగి, ఆ నీటి వేడిమి హెచ్చించినకొలదియు లోపలి పాదరసము ఎంతెంత దిగజారినదో స్కేలుపై చదివెను. దిగజారినంతయు నీటియావిరి త్రోపుడే. గొట్టమును తొట్టెయు తప్ప వేరు సాధనము లేదు. లెక్కయు తీసివేత మాత్రమే.

ఈ కొలతలనుండి డాల్టను గ్రహించినవానిలో ఒకటి చిరస్థాయియైనది, మరియొకటి పొరపాటైనది. చిరస్థాయియైనదేమన, శూన్యములోనికి ఆవిరి ఎంత యొత్తిడితో వ్యాపించునో, గాలి నిండిన చోటను సరిగ్గా అంతే యొత్తిడితో వ్యాపించుననుట. వేడిగాలి స్పంజివలె ఎక్కువ నీటిని పీల్చుకొని దాచుకొనునని నేటికిని పలువురు చెప్పుచుందురు. ఆ మాట పాఠ్యపుస్తకములలోను చొరబడియున్నది. డాల్టను రెండువందల యేండ్లకు పూర్వమే దానిని త్రోసిపుచ్చెను: గాలికి ఇందు జోక్యము లేదు, ఉష్ణోగ్రతకును నీటికిని నడుమ జరుగు వ్యవహారమే ఇది. ఇక పొరపాటైనదేమన, ఉష్ణోగ్రత సమానమైన మెట్లుగా పెరిగినచో పీడనము గుణశ్రేఢిలో పెరుగునని ఆయన తలచుట. సున్ననుండి 10 డిగ్రీలకు పీడనము రెట్టింపగును. 90 నుండి 100 డిగ్రీలకో, ఒకటికి ఒకటిన్నరయైనను కాదు. నిష్పత్తి తానే క్రమముగ తగ్గుచున్నది. తన థర్మామీటరులోని విభాగములే సరిగా లేవేమోయని డాల్టను అనుమానించి, తన శ్రేఢికి సరిపడునట్టి ఉష్ణోగ్రతామానము నొకదానిని కల్పింపజూచెను! నియమము నందు మక్కువ గలవారికి కొలబద్దపై కోపము వచ్చుట శాస్త్రచరిత్రలో క్రొత్తకాదు.

ఆవిరి బాయిలర్లు పగిలి మనుష్యులు మరణించుచున్న కాలమది. అందుచేత ఫ్రాన్సు ప్రభుత్వము అధిక పీడనముల వద్ద ఆవిరి నడవడిని తెలిసికొనదలచి ఆ దేశపు శాస్త్ర పరిషత్తును కోరగా, ద్యూలాంగు, అరాగో యనువారు పారిసు నగరమున ఒక ప్రాచీన మఠపు గోపురములో పొడవాటి పాదరస స్తంభము నిలిపి, 1829 ప్రాంతమున 24 వాతావరణముల యొత్తిడిదాక కొలిచిరి. వారి తరువాత వచ్చిన విక్టర్ రెన్యో ఈ పనికి పరమావధి చూపినవాడు. ప్రజాపనుల మంత్రిత్వశాఖ పనుపున, ఆవిరియంత్రములకు కావలసిన అంకెలన్నియు మొదటినుండి మరల కొలువబూని, 1847లో ఆయన వెలువరించిన బృహద్గ్రంథమునందు, నీరు గడ్డకట్టు స్థానమునకు దిగువనుండి 200 డిగ్రీలకు మించినదాక సంతృప్త బాష్పపీడనపు పట్టిక కలదు. సిద్ధాంతము చెప్పుటయందు ఆయనకు ఆసక్తి తక్కువ. ఊహలు చేయువారు ఆయన సమకాలికులలో కొల్లలుగ నుండిరి. దోషమెక్కడ దూరగలదో ముందే పసిగట్టి దానికి దారి మూయుటయే రెన్యో ప్రజ్ఞ. తరువాతి కాలమున ఆయన సేవ్ర్ పింగాణి కర్మాగారమున కధ్యక్షుడై యుండగా, 1870, 71 సంవత్సరములనాటి యుద్ధమున శత్రుసైనికులు ఆయన ప్రయోగశాలను ధ్వంసము చేసిరి. అదే యుద్ధమున చిత్రకారుడైన కుమారుడు మరణించెను. ఆయన పట్టికలు మాత్రము ఐరోపాలోని ప్రతి యంత్రశాలలోను పనిచేయుచునే యుండెను.

రెన్యో రెండు పద్ధతుల నవలంబించెను. తక్కువ ఉష్ణోగ్రతలకు డాల్టను గొట్టమునే సంస్కరించుకొనెను. ఎక్కువ ఉష్ణోగ్రతలకు ప్రశ్ననే తారుమారు చేసెను: ఇంత వేడిమివద్ద ఆవిరి యొత్తిడి ఎంతయని అడుగుటకు మారుగా, ఇంత యొత్తిడి క్రింద నీరు ఎంత వేడిమివద్ద మరుగునని అడిగెను. మరుగు పాత్రను ఒక పెద్ద గాలితొట్టితో కలిపి, తొట్టిలోని గాలి యొత్తిడిని తనకు కావలసినంతగా నిలిపి, నీటిని మరిగించి, నీటిలో గాక ఆవిరిలో థర్మామీటరు నుంచి చదివెను. నీటిలోని థర్మామీటరు మోసపుచ్చును. పాత్ర యడుగు నునుపైనదైనచో నీరు మరుగవలసిన ఉష్ణోగ్రతను దాటి కొంత పోయి, అటుపై ఒక్కసారి ఎగసిపడును. ఆవిరికి ఆ చాపల్యము లేదు.

ఈ రెండవ పద్ధతిని తలచినప్పుడెల్ల నాకు తెలుగుదేశపు భూస్వరూపమే ఒక ప్రయోగశాలగా తోచును. రెన్యో గాలితొట్టిని పంపుతో ఖాళీచేసి పీడనమును తగ్గించెను. మనము పైయెత్తునకు పోయినచో చాలును, వాతావరణమే ఆ తొట్టియై పీడనమును తగ్గించి నిలిపి యిచ్చును. విశాఖపట్టణపు సముద్రతీరమున నీరు మరుగునది 100 డిగ్రీల దరిని; శేరిలింగంపల్లిలో 98 దరిని; 900 మీటర్లకు పైనున్న అరకులోయలో 97 దరిని; 1,260 మీటర్లకు మించిన హార్స్‌లీ కొండలపై 96 దరిని. సుమారు 300 మీటర్ల కొక డిగ్రీ. నాలుగు చోట్లను ఒకే థర్మామీటరుతో నీటిని మరిగించి, ఆయా చోట్ల భారమితిని చదివినచో, రెన్యో పట్టికలో 96, 100 డిగ్రీల నడుమనున్న భాగము మన కండ్లయెదుట తిరిగి లిఖింపబడును. 19వ శతాబ్దమున పర్యాటకులును సర్వే ఉద్యోగులును దీనిని త్రిప్పి వాడుకొనిరి: మరుగు నీటి థర్మామీటరును సంచిలో వేసికొని కొండలెక్కి, అచ్చట నీరు మరుగు ఉష్ణోగ్రతనుండి ఎత్తును లెక్కగట్టిరి.

ఇచ్చట మన ప్రాంతపు విద్యార్థులు పడు నొక చిక్కును విశదముగ చెప్పవలసియున్నది. హైటెక్ సిటీకి కూతవేటు దూరముననుండు కళాశాలలో భారమితి లేకున్నను, విద్యార్థి చేతిలో ఫోను ఉండనే యున్నది. గాలి యొత్తిడి యెంతయని ఫోనులోని వాతావరణపు ఆప్‌ను అడిగినచో 1,008 మిల్లీబార్లనియో, 1,010 అనియో చెప్పును. 1,013 మిల్లీబార్లు 760 మిల్లీమీటర్లకు సమానము గనుక, ఈ లెక్కన శేరిలింగంపల్లిలో నీరు 100 డిగ్రీలకు ఇంచుమించుగ మరుగవలెను. థర్మామీటరు 98 చూపగానే విద్యార్థి దానిని చెడిపోయిన థర్మామీటరుగ నెంచి, మరియొకటి తెప్పించి, అదియు 98 చూపగా దిగులుపడి, రికార్డు పుస్తకములో 100 అని వ్రాసి ఉపాధ్యాయుని సంతకము పొందును. జరిగినదేమన, వాతావరణ శాఖలవారు దేశములోని యెత్తుపల్లములన్నింటిని ఒకే పటముమీద పోల్చుకొనుటకై, ప్రతిచోటి పీడనమును సముద్రమట్టమునకు దించినట్లుగ లెక్కగట్టి ప్రకటింతురు. ఆప్ చెప్పినది ఆ దించిన యంకె. అదే ఫోనులో పీడనసాధనము గలదైనచో, దానినుండి నేరుగ చదువు వేరొక ఆప్ 945 మిల్లీబార్ల దరి యంకెను చూపును. నీటికి తెలిసినది ఈ రెండవదే. రెంటికిని నడుమ 60 మిల్లీబార్లకు పైగా అంతరము గలదు. దిన దినమునకు వాతావరణములో కలుగు సామాన్యపు మార్పులకంటె ఇది ఎంతయో పెద్దది.

ఇక ఇంటర్మీడియట్ విద్యార్థి సైతము చేయదగిన కొలతను చెప్పెదను. 10 మిల్లీలీటర్ల కొలజాడీ, అది నిలువున మునుగునంత లోతుగల బీకరు, థర్మామీటరు, పొయ్యి, కొన్ని మంచుగడ్డలు. ఇంతకుమించిన సామగ్రి అక్కరలేదు. ముందుగా నీటిని బాగుగ మరిగించి చల్లార్చవలెను. కుళాయినీటిలో కరగియున్న గాలి వేడికి బయటపడి లెక్కలో చేరినచో శ్రమయంతయు వ్యర్థమగును. ఆ నీటితో కొలజాడీని, లోపల నాలుగున్నర మిల్లీలీటర్ల గాలి మిగులునట్లు నింపి, నోటిని వ్రేలితో మూసి, బీకరులోని నీటిలో తలక్రిందులుగ ముంచి నిలుపవలెను. బీకరును 75 డిగ్రీలదాక కాచి, పొయ్యి నార్పి, నీరు తనంతట తాను చల్లారుచుండగా ప్రతి ఐదు డిగ్రీలకు బుడగ పరిమాణమును చదువుకొనుచు 50 డిగ్రీలదాక రావలెను. ఆపైన మంచుగడ్డలు వేసి 5 డిగ్రీలకు దింపి, అచ్చటి పరిమాణమును చదువవలెను. తలక్రిందైన జాడీలో నీటితలపు వంపు తలక్రిందుగ నుండుటచేత ప్రతి కొలతనుండి 0.2 మిల్లీలీటరు తగ్గించుట వాడుక.

బుడగలో గాలియు ఆవిరియు కలిసియున్నవి. గాలి యెంతయో మొదటినుండి తుదిదాక అంతే. ఆవిరి మాత్రము వేడిమిని బట్టి హెచ్చితగ్గును. 5 డిగ్రీలవద్ద ఆవిరి యొత్తిడి ఆరు మిల్లీమీటర్ల చిల్లర మాత్రమే; దానిని మినహాయించి, మిగిలినది పొడిగాలి యొత్తిడియని తలచి, వేడిగ నున్నప్పుడు ఆ గాలి ఒక్కటియే ఎంత యొత్తిడి కలిగించునో వాయు నియమములతో లెక్కగట్టి, దానిని బయటి గాలి యొత్తిడినుండి తీసివేసినచో మిగులునదే నీటియావిరి యొత్తిడి. ఇదియు డాల్టను చూపిన తీసివేతయే. మన యెత్తున 60 డిగ్రీలవద్ద బుడగ 6 మిల్లీలీటర్ల దరికి, 75 వద్ద ఎనిమిదిన్నర దరికి ఉబ్బును. 80 డిగ్రీలు చేరినచో బుడగలో సరిగ్గా సగము గాలి, సగము ఆవిరి; అప్పుడది పదిని దాటి జాడీ గీతలకు బయటపడును. అందుచేతనే 75తో ఆగుమంటిని.

ఈ ప్రయోగమున ఏ తప్పు ఏ ఫలితమును చెరచునో చూచుట నాకు ఫలితముకంటె ఇంపైన విషయము. విద్యార్థి 709 మిల్లీమీటర్లకు మారుగా పుస్తకములోని 760ని వాడెననుకొందము. అప్పుడు ప్రతి ఉష్ణోగ్రతవద్దను అతనికి వచ్చు బాష్పపీడనము నూటికి ఏడుపాళ్లు హెచ్చుగ వచ్చును. 60 డిగ్రీలవద్ద 149 రావలసినచోట 160 వచ్చును. అన్నియు ఒకే నిష్పత్తిలో హెచ్చినవి గనుక తప్పు జరిగినట్లు పటములో కనబడనైనను కనబడదు. క్లపేరాన్, క్లాసియస్ అనువారు 19వ శతాబ్దమున చూపిన మార్గమున, పీడనపు సంవర్గమానమును పరమ ఉష్ణోగ్రత యొక్క వ్యుత్క్రమముతో జోడించి గ్రాఫు గీచినచో ఇంచుమించు సరళరేఖ వచ్చును. ఆ రేఖ వాలునుండి నీటి బాష్పీభవన గుప్తోష్ణము లభించును. తప్పు పీడనము వాడిన విద్యార్థికిని ఆ వాలు సరిగానే వచ్చును, గుప్తోష్ణము సరిగానే వచ్చును. 50, 75 డిగ్రీల నడుమ మోలు ఒక్కింటికి 42.6 కిలోజౌళ్ల దరిని రావలసినది వచ్చును. ఇందుకు వ్యతిరేకముగ, పీడనమును సరిగా తీసికొని, 5 డిగ్రీలవద్దనున్న ఆ ఆరు మిల్లీమీటర్ల చిల్లర ఆవిరిని లెక్కలో విడిచినవాని సంగతి చూడుడు: చిన్న పీడనములు ఎక్కువగ, పెద్ద పీడనములు తక్కువగ దెబ్బతిని, వాలు నూటికి నాలుగుపాళ్లకు పైగా నిటారగును, గుప్తోష్ణము 44 దాటిపోవును. పెద్ద తప్పుగ తోచినది గుప్తోష్ణమును ముట్టలేదు. చిన్నదని ఉపేక్షించినది దానిని వంచినది. ఇట్టి సంగతి చదివి తెలిసికొనుటకంటె చేసి తెలిసికొనుట మేలు. మందబుద్ధియైన పరీక్షకుడు మాత్రము గుప్తోష్ణపు విలువ నొక్కటినే చూచి మొదటివానికి పూర్తి మార్కులు వేయును.

శేరిలింగంపల్లికి ఈ పట్టికతోడి సంబంధము కళాశాల బల్లమీదనే ఆగిపోలేదు. లింగంపల్లి దాటగానే రామచంద్రాపురమున, 1960ల దశకమున చెకొస్లొవాకియా సహకారముతో నెలకొల్పబడిన బీహెచ్‌ఈఎల్ కర్మాగారము కలదు. అచ్చట ఆవిరి టర్బైనులు తయారగును. టర్బైనును త్రిప్పి బలము కోల్పోయిన ఆవిరిని కండెన్సరులో చల్లార్చి నీరుగ మార్చుదురు. ఆ కండెన్సరులోని యొత్తిడి ఎంతయుండునో నిర్ణయించునది పంపు కాదు, లోపలి ఉష్ణోగ్రతకు చెల్లిన సంతృప్త బాష్పపీడనమే. కండెన్సరు 36 డిగ్రీలకు చల్లబడినచో లోపల 45 మిల్లీమీటర్ల యొత్తిడి. 46 డిగ్రీలవద్ద నిలిచిపోయినచో 76 మిల్లీమీటర్లు. ఎదురొత్తిడి పెరిగినకొలదియు టర్బైను చేయగల పని తరుగును. అందుచేతనే ఒకే విద్యుత్కేంద్రము, ఒకే బొగ్గు కాల్చుచు, పుష్యమాసముకంటె వైశాఖమున కొంచెము తక్కువ విద్యుత్తు నిచ్చును. రెన్యో పట్టిక స్థానమున నేడు ఆవిరి గుణములను గూర్చిన అంతర్జాతీయ సంఘము 1997లో ఆమోదించిన సూత్రములు కంప్యూటరులో నడచుచున్నను, పని అదియే.

మాదాపూరు, కొండాపూరు దారుల నిరువైపుల లేచిన అద్దపు మేడల విషయమును ఇట్టిదే. వేల కంప్యూటర్లు వెడలగ్రక్కు వేడిమిని పలుచోట్ల మేడమీది శీతలీకరణ గోపురములు నీటిని ఆవిరిచేసి పోగొట్టుచున్నవి. ఆ గోపురములోని నీరు ఎంత చల్లబడగలదో నిర్ణయించునది బయటి యెండ కాదు, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపు ఉష్ణోగ్రత. వేసవి మధ్యాహ్నమున పొడి థర్మామీటరు 38, తడిది 22 చూపినవనుకొందము. గాలి బాగుగ వీచుచుండగా చదివిన కొలతలైనచో, బాష్పపీడన పట్టికను మన యెత్తునకు తగిన సవరణతో చూచిన, గాలిలోని సాపేక్ష ఆర్ద్రత నూటికి 25 అని తేలును. ఆ ఎండలోనైనను గోపురపు నీరు 22 డిగ్రీల దరిదాపునకు దిగగలదు. వానలు పట్టిన తరువాత గాలి ఎనిమిది డిగ్రీలు చల్లబడినను, తడి థర్మామీటరు కొలత మునుపటంతయో, ఒక్కొక్కప్పుడు అంతకు మించియో యుండును; అందుచేత ఆషాఢశ్రావణములలో గోపురములకును ఇండ్లలోని కూలర్లకును సుఖము లేదు. కూలరు వానకాలమున ఏల పనిచేయదని అడుగువారికి డాల్టను చెప్పిన సమాధానమే సమాధానము.

బేగంపేట వాతావరణ కేంద్రపు లెక్కలలో హైదరాబాదున కెక్కిన గరిష్ఠ ఉష్ణోగ్రత 1966 జూను 2వ తేదీనాటి 45.5 డిగ్రీలు, కనిష్ఠము 1946 జనవరి 8వ తేదీనాటి 6.1 డిగ్రీలు. ఈ రెండు దినములకును చెల్లు సంతృప్త బాష్పపీడనములు వరుసగా 74, 7 మిల్లీమీటర్లు. అనగా ఒకే ఊరి యాకాశము క్రింద నీటియావిరి చేరగల యెల్ల పదింతలకు పైగా మారినది. గోపిచెరువు, నల్లగండ్ల చెరువు వేసవిలో అంత వడిగా ఎండుటకు ఎండ యొక్కటియే కారణము కాదు. గాలిలో నున్న ఆవిరికిని ఉండగల ఆవిరికిని నడుమ నేర్పడిన ఆ విశాలమైన యెడము చెరువును తోడివేయుచున్నది.

1974లో పార్లమెంటు చట్టముచేత స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము గచ్చిబౌలిలో నున్నది. టాటా మౌలిక పరిశోధన సంస్థవారి ప్రాంగణము గోపనపల్లిలో నున్నది. అట్టి సంస్థలలో నీటియావిరిని వేయింతల సూక్ష్మతతో కొలువగలవారున్నారు; వారికి నేను చెప్పవలసినదేమియు లేదు. నా విన్నపము ఈ ప్రాంతపు పాఠశాలలలోను జూనియర్ కళాశాలలలోను భౌతిక, రసాయన శాస్త్రములు బోధించు ఉపాధ్యాయులకు. అయ్యలారా, అమ్మలారా, ఈ సంవత్సరము మీ ప్రయోగశాల గోడమీద ఒక పలకను వ్రేలాడదీయుడు. ప్రతి ఉదయము ఒక విద్యార్థి ఆ దినమున మీ గదిలో నున్న నిజమైన గాలి యొత్తిడిని, దించిన యంకెను గాక ఉన్న యంకెను, దానిపై వ్రాయవలెను. దానిక్రిందనే ఆ యొత్తిడికి నీరు మరుగవలసిన ఉష్ణోగ్రతను వ్రాయవలెను. వారమున కొక్కసారి నీటిని మరిగించి సరిచూడుడు. రికార్డు పుస్తకములో ఏ విద్యార్థియైనను శేరిలింగంపల్లి నీటికి 100 డిగ్రీలని వ్రాసి తెచ్చినచో, దయచేసి సంతకము చేయకుడు. థర్మామీటరు నిచ్చి మరల పంపుడు.